కారణం: అన్‌ఫిట్

హైదరాబాద్,
జూన్ 9, 2025.

పెద్దబాపుకు యమున దండాలు.

నీ చెవులు పోయినప్పటి నుంచి మన కుటుంబంలో ఉత్తరాలు రాసే అలవాటు నాకొక్కదానికే మిగిలింది. ఆఫీసులో పోస్టు కవరు అడిగితే నన్ను వింతగా చూస్తారు. ఈసారి ఉత్తరాల గురించే నీకు ఉత్తరం రాయవలసి వచ్చింది.

నా పనేమిటో నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఏ ఇంట్లో ఎవరు బడికి పోతున్నారు, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అని ఇల్లిల్లూ అడిగే సర్వే మాది. ఫోన్లోనే అడుగుతాం. మొదట్లో నూరు ఇండ్లకు చేస్తే అరవై ఇండ్లు పలికేవి. ఈ యేడు పద్నాలుగే. మీ వైపు నుంచి పలికినవాళ్ళు దాదాపు అందరూ జ్యోతినగర్ వాళ్ళు. కరెంటు ప్లాంటు ఇంజనీర్ల పిల్లలు బడి ఎందుకు మానేస్తారు? వాళ్ళను చూసి, బొగ్గుబాయి కాలనీల పిల్లలందరూ కూడా చదువుతున్నట్టే లెక్క తేలుతోంది. ఈ పద్ధతి మార్చే పని నామీద పడింది.

ఇంకొకటి అడగాలి. రెండేళ్ళ కిందటి సర్వేలో మీ కాలనీల నుంచి పలికిన కొద్దిమందిలో, చదువు ఆపడానికి కారణం 'అన్‌ఫిట్' అని నలభై ఒక్కమంది చెప్పారు. మావాళ్ళు దాన్ని 'శారీరక వైకల్యం' గడిలో వేశారు. అంతమంది వికలాంగులు ఒక్కచోట ఎందుకున్నారని మా ఆఫీసరు డాక్టర్ల బృందాన్ని పంపాలంటున్నారు. అక్కడ నీళ్ళలో ఏమైనా ఉందా?

సంపత్ అన్న ఎలా ఉన్నాడు? తన బిడ్డ సంధ్యారాణి పుట్టినప్పటి నుంచి కన్నతండ్రివి నీతో ఒక్క మాట మాట్లాడడం లేదని, ఎందుకో ఎవరికీ తెలియదని అమ్మ బాధపడుతోంది. ఒకే కాలనీలో ఉండి ఐదేళ్ళు మాట లేకుండా ఎలా గడుపుతున్నారు?

నీ
యమున

*

గోదావరిఖని,
జూన్ 17.

చిరంజీవి యమునను సదానందం దీవించి రాస్తున్నది:

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తర్వాత మండిపడ్డాను. తర్వాత నేను పురాణం చెప్పే గ్రంథం తెరిచి నాలుగు పుటలు చదువుకొని చల్లబడి ఈ కలం పట్టాను.

నలభై ఒక్కమంది వికలాంగులా! మా పిల్లలకు ఏ రోగమూ లేదు తల్లీ. ఇక్కడ అన్‌ఫిట్ అయ్యేది పిల్లవాడు కాదు, తండ్రి. బాయిలో దిగి దిగి ఒళ్ళు చెడిన కార్మికుణ్ణి డాక్టర్ల బోర్డు చూసి, ఇతను ఇక పనికి రాడని రాస్తే, ఆ నౌకరి కొడుకుకో బిడ్డకో వస్తుంది. 'మా బాపు అన్‌ఫిట్ అయిండు' అంటే కొడుకు పుస్తకం మూసి టోపీ దీపం పెట్టుకొని బాయిలో దిగాడని అర్థం. మీరు కారణం అడిగారు. వాళ్ళు సత్యం చెప్పారు. ఆ సత్యాన్ని తీసుకెళ్ళి తప్పు గడిలో కూర్చోబెట్టింది మీరు! నువ్వు హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదానివి, నీకు తెలియదు. చెప్పని తప్పు నా తమ్ముడిది.

ఫోన్ ఎందుకు ఎత్తరంటావా? బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, ఒక్క నిప్పురవ్వ చాలు లోపలి గాలి అంటుకోవడానికి. నైట్ షిఫ్టు చేసినవాడు పగలు ఫోన్ బంద్ చేసి పడుకుంటాడు. మిగిలినవాళ్ళకు తెలియని నంబరంటేనే భయం, ఎవడో ఓటీపీ అడుగుతాడని. మొసలి నోట చిక్కిన ఏనుగు మొరపెడితే స్వామి ఉన్నపళాన పరుగెత్తుకొచ్చాడు గాని, 'తెలుగు కొరకు ఒకటి నొక్కండి' అన్నాడా? గడప దాకా రావాలి. కాళ్ళతో రావాలి! మీ ఆఫీసుకు ఆ మాట చెప్పు. మనుషులు లేరంటే నేనున్నాను. చెవులు లేకపోయినా కాళ్ళున్నాయి. ఈ కాలనీలో నాకు తెరుచుకోని తలుపు లేదు.

నీ పెద్దబాపు
సదానందం

*

హైదరాబాద్,
జూన్ 28.

పెద్దబాపూ,

నీ ఉత్తరాన్ని మా ఆఫీసరుకు పూర్తిగా చదివి వినిపించాను. ఏనుగు దగ్గర నవ్వారు. 'అన్‌ఫిట్' దగ్గర కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. డాక్టర్ల బృందం రద్దయింది.

ఇప్పుడు కొత్త పద్ధతి. ముందు ప్రతి ఇంటికీ ఒక ఉత్తరం వస్తుంది. వారం తర్వాత తెలిసిన మనిషి ఒకరు ఆ ఇంటికి వెళ్ళి అడుగుతారు. మొదటి ప్రయత్నం మీ కాలనీలోనే, ఇరవై నాలుగు ఇండ్లు. చీటీలు తీసినట్టు కంప్యూటరే ఇండ్లను ఎంచింది, నేను కాదు. ఆ తెలిసిన మనిషివి నువ్వే. చెవులు వినపడని మనిషి ఎలా అడుగుతాడని ఆఫీసరు సందేహపడ్డారు. పెదవులు చూసి మాట పోల్చుకుంటాడు, ఎదురుగా కూర్చోబెట్టుకుంటే ఇబ్బంది లేదని చెప్పాను.

నియమాలు తక్కువే, కానీ గట్టివి. ప్రశ్నను కాగితం మీద ఉన్నట్టే అడగాలి. జవాబు వచ్చేదాకా మౌనంగా ఉండాలి. వాళ్ళన్న మాటను వాళ్ళన్నట్టే రాయాలి. సలహా ఇవ్వకూడదు. ప్రవచనం చెప్పకూడదు! (ఇది ముద్రించిన నియమాల్లో లేదు, నీ కోసం నేను కలిపాను.)

సంపత్ అన్న గురించి అడిగితే ఒక్క ముక్క రాయలేదు నువ్వు.

యమున

*

గోదావరిఖని,
జూలై 20.

చిరంజీవి యమునా,

ఇరవై మూడు ఇండ్లు పూర్తి చేశాను! కాగితాలు దీనితో పాటే పంపుతున్నాను.

ముందు మీ ఆఫీసు ఉత్తరం సంగతి. అందులో 'ప్రతిస్పందకులకు' అని ఒక మాట రాశారే, ఆ మాట ఏ తల్లి కన్నదమ్మా? పోశం దాన్ని 'ప్రతివాది' అని చదువుకున్నాడు. కోర్టు నోటీసనుకొని బియ్యం డబ్బాలో దాచాడు. నేను వెళ్తే గడపలోనే చేతులు జోడించి, పెదవులు కదిలిస్తూ గట్టిగా అన్నాడు:

"అన్నా, నేనేం తప్పు జెయ్యలే. ఆ జాగ పంచాయితీల నా పేరెందుకు వెట్టిండ్రు?"

"జాగ గాదురా, నీ బిడ్డ సదువు గురించి."

"సదువుకు గూడ కేసు వెడుతున్నరా ఇప్పుడు?"

వాడి భార్య నవ్వి నవ్వి కూలబడింది. తర్వాత ఆ డబ్బాలో నుంచి ఉత్తరం తీసి ఇచ్చింది, మడతల నిండా నూకలే. 'మీ ఇంటి పిల్లల చదువు గురించి అడగడానికి వస్తున్నాం' అని రాస్తే మీ కలం అరిగిపోతుందా?

అందరూ నన్ను చాప వేసి కూర్చోబెట్టారు. చదువు మహిమ గురించి ఒక్కొక్క ఇంట్లో రెండు మాటలు చెప్పకుండా ఉండలేకపోయాను, క్షమించు. విద్య లేని జన్మ ఎటువంటిదో శాస్త్రం చెప్పాక నేను చెప్పకపోతే ఎలా? జవాబులు చూడు, నీకే సంతోషమవుతుంది. ఎల్లేశం ఇంట్లో మాత్రం ఏదో తేడా ఉంది. అక్కడ విన్నది విన్నట్టు అంచున రాశాను, చూసుకో.

పదిహేడో నంబరు క్వార్టర్ వాళ్ళు తలుపు తీయలేదు. ఆ కాగితం ఖాళీగానే పంపుతున్నాను.

సదానందం

*

హైదరాబాద్,
జూలై 29.

శ్రీ సదానందం గారికి,

మీరు పంపిన ఇరవై మూడు ఫారాలు అందాయి. 'చదువు ఎందుకు ముఖ్యమని అనుకుంటున్నారు' అన్న ప్రశ్నకు ఇరవై మూడు ఇండ్లూ 'విద్య భగవంతుడిచ్చిన కన్ను' అని జవాబిచ్చాయి. ఆ మాట చిన్నప్పటి నుంచి మీ నోట విన్నాను కాబట్టి అది ఎవరిదో నాకు తెలుసు. బడి మానేసిన పిల్లలు ఒక్క ఇంట్లోనూ లేరు. మీ ముందు ఎవరు ఒప్పుకుంటారు? ఫోన్ చేసినప్పుడు జవాబు రాలేదు. మీరు వెళ్ళినప్పుడు మీ జవాబే తిరిగి వచ్చింది. రెండింటికీ తేడా లేదు.

ఇన్ని ఫారాల్లో నిజమైన వాక్యం ఒక్కటే ఉంది. ఎల్లేశం గారి ఇంటి కాగితం అంచున మీరే రాశారు: "మా పిల్ల రోజు బడికి పోతదని ఎల్లేశం చెప్పుతున్నడు. వంటింట్ల గోడ ఎనుక అవ్వ సణిగింది: పిల్ల పుస్తకం ముట్టక మూడు నెలలాయె, పెద్దమనిషి ముందట గిదేం అబద్ధం అని."

ఆ అవ్వ గోడ వెనుక ఉంది. మీకు ఆమె పెదవులు కనబడవు. సణిగింది, అరవలేదు.

ఈ వాక్యాన్ని పది సార్లు చదివాను. నాకు వేరే అర్థం దొరకడం లేదు.

పదిహేడో నంబరు సంపత్ అన్న క్వార్టర్. అక్కడ తలుపు తీయలేదా, మీరు కొట్టలేదా? పాత సర్వే తీసి చూశాను. రెండేళ్ళ కింద ఆ ఇంటికి ఫోన్ వెళ్ళింది, అన్నే ఎత్తాడు. డిగ్రీ తర్వాత చదువు ఎందుకు ఆపావంటే ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. ఆ నలభై ఒక్కమందిలో ఆయనొకడు.

యమున

*

గోదావరిఖని,
ఆగస్టు 6.

యమునా,

'గారు' అన్నావు. నిన్ను ఎత్తుకొని మోసిన చేతులతో ఆ మాటను తడిమి చూసుకున్నాను. తగినదే.

నాకు వినపడుతుంది. ఎప్పుడూ వినపడింది.

ఏడేళ్ళ కిందటి మాట. వారసులకు మళ్ళీ నౌకరీలు ఇస్తున్నారని కాలనీ అంతా ఒకటే కలకలం. డిగ్రీలు చేసిన పిల్లలు ఫోటోలు, పట్టాలు ఫైళ్ళలో పెట్టుకొని ఎండలో తిరుగుతున్నారు, సంపత్ కూడా అట్లాగే తిరగవలసి వస్తుందనుకున్నాను. నా ఒళ్ళు బాగానే ఉంది. కళ్ళు బాగానే ఉన్నాయి. చెవులు లేవని చెప్పడం ఒక్కటే తోచింది. యంత్రాల చప్పుడులో ఇరవై తొమ్మిదేళ్ళు పని చేసినవాణ్ణి, ఎవరైనా నమ్ముతారు. బోర్డుకు వారం ముందు నుంచి ఇంట్లో అలవాటు చేసుకోవడం మొదలుపెట్టాను.

ఆ వారంలోనే ఒక మిట్టమధ్యాహ్నం సంపత్ చేతిలో కాగితంతో వచ్చాడు. టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. "బాపూ, నేను బాయిల దిగ. పిల్లలకు పాఠం చెప్త" అన్నాడు. నేను చెవి దగ్గర అరచెయ్యి పెట్టాను. "ఏందిరా? వినపడ్తలేదు" అన్నాను. మళ్ళీ చెప్పాడు. వినపడ్తలేదన్నాను. మూడోసారి ఇంటి పెంకులు అదిరేటట్టు అరిచాడు. పక్క క్వార్టర్ల వాళ్ళు బయటికొచ్చారు. "పాపం, సదానందానికి చెవులు నిజంగనే పోయినయి" అన్నారు. నాకు సాక్షులు దొరికారు.

బోర్డులో డాక్టరు నా వెనుక నిలబడి గంట కొట్టాడు. పూజలో కొట్టే గంటలాగే మోగింది. నేను తల తిప్పలేదు. అన్‌ఫిట్ అని రాశారు. మళ్ళీ ఎవరైనా పరీక్షిస్తారేమోనని ఆనాటి నుంచి ఫోన్ ముట్టలేదు. నీతో కూడా మాట్లాడకుండా ఉత్తరాలు రాసింది అందుకే.

ఆ తర్వాతే నేను పురాణం చెప్పడం ఎక్కువైంది. వినపడనివాడు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి కదా. తొమ్మిది రకాల భక్తిలో మొదటిది వినడమని భజన మందిరంలో పీఠం మీద కూర్చొని ఎన్నిసార్లు గర్జించానో! కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకొని ఏం చదివావు నాయనా అని అడిగి, ఆ పసివాడు చెప్పిన జవాబు చెవికెక్కించుకోని రాక్షసరాజు కథకు నేను పెట్టింది పేరు. ఎప్పుడూ ఆ పిల్లవాడి పక్కన నిలబడి చెప్పాను. చెప్పినన్నాళ్ళూ ఆ తండ్రి కుర్చీలో కూర్చున్నది నేనే.

సంపత్ బాయిలో దిగాడు. మొదట రెండేళ్ళు నా చెవి దగ్గరకొచ్చి అరిచి మాట్లాడేవాడు, అన్నం తిన్నావా అని కూడా అరిచేవాడు. సంధ్యారాణి పుట్టినప్పటి నుంచి అది కూడా మానేశాడు. ఎందుకో తెలియదు. సైగలే. పదిహేడో నంబరు తలుపు నేను కొట్టలేదు. అంత దూరం వెళ్ళి తిరిగొచ్చాను. ఆ కాగితం చేత్తో పట్టుకొని వాణ్ణి అడగడానికి నాకు ఏ అర్హత ఉంది?

సదానందం

*

హైదరాబాద్,
ఆగస్టు 14.

పెద్దబాపూ,

నీ ఉత్తరం నా దగ్గరే ఉంది, ఎవరికీ చూపలేదు, చూపను. పాత ఫోన్ సర్వేలో నంబర్లు ఉండేవి గాని, ఈ ఫారాల మీద పేర్లు ఉండవు. ఇంటి నంబర్లు కూడా లెక్క వేసే ముందు కత్తిరించేస్తాం. కాగితం మీద మిగిలేది జవాబు మాత్రమే.

నిన్ను తిట్టాలని రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను.

కొత్త ఫారాలు పంపుతున్నాను. 'శారీరక వైకల్యం' కింద ఇంకో గడి చేర్చాం: 'ఇంట్లోవాళ్ళ ఉద్యోగం తీసుకోవలసి రావడం.' దాని కింద ఒక కొత్త ప్రశ్న నేను రాశాను, ఆఫీసరు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు: 'ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు నిన్ను ఎవరైనా అడిగారా?' ఇంటికి పంపే ఉత్తరంలో 'ప్రతిస్పందకులు' పోయింది. నువ్వు చెప్పిన వాక్యమే పెట్టాం. పోశం కాకకు చెప్పు.

ఇరవై మూడు ఇండ్లకూ మళ్ళీ వెళ్ళు. ఈసారి నోరు కట్టేసుకొని వెళ్ళు. ఆఖరున పదిహేడుకు వెళ్ళు. అర్హత గురించి అడిగావు. అడిగేవాడికి ఉండవలసింది ఒక్కటే: జవాబు వచ్చేదాకా కూర్చోవడం.

నీ యమున

*

గోదావరిఖని,
సెప్టెంబర్ 8.

తల్లీ యమునా,

ఇరవై నాలుగు ఫారాలూ ఇందులో ఉన్నాయి.

రెండోసారి వెళ్ళిన ఇండ్లలో ఏమీ చెప్పకుండా కూర్చున్నాను. మొదట వాళ్ళకే భయమేసింది. "ఏమైందే సదానందం కాకకు, పానం బాగలేదా?" అని నా ఎదుటే అనుకున్నారు. ఆ నిశ్శబ్దం భరించలేక మెల్లగా నిజం చెప్పడం మొదలుపెట్టారు. తొమ్మిది ఇండ్లలో జవాబు మారింది. ఎల్లేశం బిడ్డ తానే వచ్చి నా ఎదుట కూర్చుంది. "లెక్కలు సమజ్ గాలె తాతా. మళ్ళ అడిగితే అందరు నవ్విండ్రు. గందుకే పోతలేను" అంది. ఆ పిల్ల బడి గురించి నేను మొన్న ఆ ఇంట్లో గంటసేపు ప్రవచనం చెప్పాను. ఈ పది మాటలు అప్పుడు కూడా ఆమె దగ్గర ఉన్నాయి.

నిన్న ఆదివారం సాయంత్రం నాలుగింటికి పదిహేడుకు వెళ్ళాను. తలుపు కొట్టాను. కోడలు రాజకుమారి తీసి, మంచినీళ్ళు కావాలా అని చేత్తో సైగ చేసింది. సంపత్ లోపల చాప మీద కూర్చొని బూట్లు తుడుచుకుంటున్నాడు. నా చేతిలో కాగితం చూసి ఏందన్నట్టు వేళ్ళు తిప్పాడు.

"సంపతూ, సైగలొద్దు. నాకు వినపడుతది" అన్నాను. "ఎన్నడు పోలేదు."

బూటు పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, ఐదేళ్ళలో మొదటి మాట:

"నాకు తెల్వదా?"

నేను వాడి ఎదుట చాప మీద కూర్చున్నాను.

"సంధ్య పుట్టిన దినం దవాఖానల నువ్వు బయట బల్ల మీద కూసున్నవు. లోపట పిల్ల ఏడ్సింది. డాక్టరు గంట గొడితే తల తిప్పనోనివి, పిల్ల ఏడ్పుకు దిగ్గున లేసి నిలవడ్డవు. చూసిన. అంతదాక నీ చెవులు నిజంగనే పోయినయనుకున్న బాపూ. నీ కోసం ఏడ్సిన. గందుకే సీటు వదులుకొని బాయిల దిగిన."

యమునా, కాగితం విప్పి మోకాలి మీద పెట్టుకున్నాను. నియమం ప్రకారం ఉన్నది ఉన్నట్టే చదివాను. చదువు ఆపడానికి కారణం ఏమిటి?

"రాసుకో. బాపు అన్‌ఫిట్."

ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు నిన్ను ఎవరైనా అడిగారా?

"అడగలె. నేనే చెప్పిన. మూడుసార్లు."

ఆఖరి ప్రశ్న. మళ్ళీ చదవాలని ఉందా?

వాడు మళ్ళీ బూటు అందుకున్నాడు. నా గొంతులో మూడు పురాణాలు తోసుకొచ్చాయి. మింగేశాను. కూర్చున్నాను. రాజకుమారి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. గుమ్మంలో ఎండ గడప దిగి పోయింది. అప్పుడు వాడు బూటు కేసి చూస్తూనే, "ఉంది" అన్నాడు. అదే రాశాను.

ఇక ఆగలేకపోయాను. "రేపే భజన మందిరంల అందరి ముందట నిలవడి ఒప్పుకుంట, పాపం కడుగుకుంట" అన్నాను. వాడికి కోపం అప్పుడొచ్చింది.

"మళ్ళ నీ ముచ్చటేనా? నువ్వు ఒప్పుకుంటే నీకు పుణ్యమొస్తది, నా నౌకరి పోతది. సంధ్యకు ఏం వెట్టాలె? నీ పాపం నువ్వు కడుక్కొని మమ్ముల రోడ్డు మీద పడేస్తవా? ఈ ఒక్కసారన్న నేను చెప్పేది విను బాపూ."

విన్నాను.

అందుకని తల్లీ, కాలనీలో నేను చెవిటివాడినే. చచ్చేదాకా చెవిటివాడినే. ఒప్పుకోవడానికి నోరు ఉండి మూసుకోవడమే నాకు పడిన శిక్ష అనుకుంటున్నాను. పీఠం మాత్రం ఇక ఎక్కను. కింద చాప మీద కూర్చొని ఇంకొకరు చెప్పేది వింటాను. చెవిటోడు పురాణం వింటున్నాడని నవ్వుతారు, నవ్వనీ. నువ్వు కూడా ఫోన్ చేయకు, ఉత్తరమే రాయి.

నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే సంధ్యారాణి పలక పట్టుకొని వచ్చింది. నాకు చూపించడానికే గాని చదివి వినిపించడం ఆ పిల్లకు అలవాటు లేదు. నా ముఖం కేసి చూసింది, ఏం కనబడిందో, వాళ్ళ నాయన వైపు తిరిగి గుసగుసగా అడిగింది:

"బాపూ, తాతకు వినపడుతదా?"

సంపత్ పిల్లను చూశాడు, నన్ను చూశాడు. లేచి వీధి తలుపు మూసేసి వచ్చి చెప్పాడు:

"మనింట్ల వినపడుతది బిడ్డా. సదువు."

నీ పెద్దబాపు